బరువు కింద వేసిన అతుకు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది మా ఆయన పోయాక. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట వినవు, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. చెయ్యి కూడా నెమ్మది, ఒక పేజీ నిండేసరికి పొద్దు వాలిపోతుంది. ఇందులో తోడికోడలు అని వచ్చే మనిషిని నేనే. నేను నేను అని రాస్తే కథ నాదైపోతుందని అలా రాశాను. కథ వంతెనల ఇంజనీరైన మా ఇంటి చిన్నకోడలిది. ఆమె మనసులో మాటలు ఆమే చెప్పగా విన్నవి.

*

ఊరిని రెండుగా చీల్చుకుంటూ పెద్దరోడ్డు పోతుంది. ఇటువైపు ఇళ్ళు, కొట్లు, బడి. అటువైపు ఆసుపత్రి, మార్కెట్టు, రైలుస్టేషను. రెండింటినీ కలిపేది పెద్దరోడ్డు మీదుగా కట్టిన ఒకే ఒక్క కాంక్రీటు వంతెన. ఒక ఉదయం మట్టి తవ్వే యంత్రాన్ని వీపు మీద ఎక్కించుకుని ఒక పొడుగాటి ట్రైలరు ఆ వంతెన కిందనుంచి పోబోయింది. యంత్రం చెయ్యి సరిగ్గా మడవలేదు. మోచెయ్యి పైకి పొడుచుకుని ఉంది. అది పోయి వంతెన అంచు దూలానికి తగిలింది. ఆ చప్పుడుకి పక్క కొట్లో గాజుసీసాలు అరల్లోంచి దొర్లిపడ్డాయి.

కాసేపటికి వంతెనల ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. ఆమెను పనివాళ్ళంతా సుత్తమ్మ అంటారు. ఎక్కడికి పోయినా ఆమె భుజాన వేలాడే సంచిలో పొడుగు పిడి ఉన్న చిన్న సుత్తి ఉంటుంది. దూలం కనబడితే చాలు, డాక్టరు రోగి వీపును వేళ్ళతో తట్టినట్టు తట్టి చూస్తుంది. "పేరు బాగానే పెట్టారు. బయట చేత్తో కొడుతుంది, ఇంట్లో నోటితో కొడుతుంది" అని తోడికోడలు నవ్వేది.

ట్రైలరు డ్రైవరు రోడ్డు పక్కన తల పట్టుకుని కూర్చున్నాడు. మనిషికి దెబ్బ తగల్లేదు గానీ మొహంలో నెత్తురుచుక్క లేదు. చుట్టూ జనం మూగారు.

"మొన్న ఈ వంతెన కిందనుంచే పోయానమ్మా. గీత కూడా పడలేదు" అన్నాడు.

"మొన్న బండి మీద ఈ యంత్రం ఉందా?" అని అడిగింది సుత్తమ్మ.

"లేదు. ఖాళీగా పోయాను."

"పాపం, అతనిదేం తప్పులేదు. రాత్రికి రాత్రి వంతెనే కిందికి దిగింది" అన్నాడు జనంలోంచి ఎవరో.

సుత్తమ్మ నవ్వలేదు. పైకి లేచే బండి తెప్పించుకుని దూలం దాకా వెళ్ళింది. అంచు దూలం కింది మూల ఎలుక కొరికిన సబ్బుబిళ్ళలా ఉంది. కాంక్రీటు పెళ్ళలు ఊడిపోయి లోపలి ఉక్కు తీగలు బయటపడ్డాయి. ఆ తీగలు ఊరికే పెట్టినవి కావు. దూలం పోసేటప్పుడే వాటిని బలంగా లాగి, బిగువుగా ఉండగానే చుట్టూ కాంక్రీటు పోస్తారు. వాటి బిగువే దూలాన్ని రెండు కొసలనుంచీ నొక్కి పట్టుకుంటుంది. అలాంటి తీగలు మూడు తెగి, కొసలు విచ్చుకుని వేలాడుతున్నాయి.

ఆమె ఒక కొసనుంచి మొదలుపెట్టింది. కాంక్రీటు గట్టిగా ఉన్నచోట సుత్తి ఠంగుమని ఎగిరి వచ్చేది. లోపల విడిపోయిన చోట ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు డబ్బుమనేది. బోలుగా పలికిన చోటల్లా సుద్దముక్కతో గీత గీసింది. పక్క దూలాల్ని కూడా వదల్లేదు. అవన్నీ ఠంగుమన్నాయి. పొద్దెక్కేసరికి మెడ పట్టేసింది, కళ్ళనిండా దుమ్ము. సుద్దగీతలన్నీ కలిపితే మనిషి పొడుగున మచ్చ తేలింది, అంతే. దూలానికి గాయమైంది గానీ ప్రాణం పోలేదని ఆమెకి అర్థమైంది.

"కూల్చేసి కొత్త దూలం వేద్దాం" అన్నారు పెద్దసారు. ఆయన ఆమె పై అధికారి. వంతెన కింద నిలబడి, తల పైకెత్తకుండానే అన్నారు.

"బాగుచెయ్యచ్చు సార్."

"అతుకు సంగతి నాకు చెప్పకు. వేరే చోట ఇలాగే ఒకదానికి అతుకేశారు. పైకి అద్దంలా ఉండేది. రెండో ఏడు ఊడి కింద పోతున్న కారు మీద పడింది. ఆ కారులోంచి మనిషిని బయటికి తీసినవాళ్ళలో నేనొకణ్ణి."

ఆయనది మొండితనం కాదని, భయమని సుత్తమ్మకు అప్పుడే తెలిసింది. "కొత్త దూలం అంటే ఏడాది వంతెన మూసెయ్యాలి సార్. అందాకా ఆసుపత్రికి పోయేవాళ్ళ సంగతేమిటి?"

"చుట్టు తిరిగి పోతారు."

"చుట్టు తిరగలేనివాళ్ళూ ఉంటారు."

పెద్దసారు ఆమె మొహంలోకి చూశారు. "నెలాఖరుకి కూల్చే యంత్రాలు వస్తాయి. వాటిని పంపమని చెప్పేశాను. ఈలోపల నీ అతుకేదో వేసుకో. ఆ రోజు ఆ సుత్తి నా చేత్తో పట్టుకుని ఈ చివర్నించి ఆ చివరిదాకా తడతాను. ఎక్కడ బోలుగా పలికినా కూల్చేయడమే. మళ్ళీ వచ్చి బతిమాలకూడదు."

"బతిమాలను సార్. కానీ అంతా ఠంగుమంటే ఆ యంత్రాల్ని మీరే వెనక్కి పంపాలి."

"ముందు అననీ" అని ఆయన జీపెక్కారు.

*

సుత్తమ్మ మొగుడు ఓడలో పనిచేస్తాడు, ఏడాదిలో సగం రోజులు సముద్రం మీదే. ఇంట్లో ఉండేది ఆమె, తోడికోడలు, తోడికోడలి భర్త. ఆయన్ని సుత్తమ్మ బావగారు అంటుంది. ఆయనకి మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు అవతలి ఆసుపత్రికి పోయి యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. వంతెన మూశాక ఊరి చివర రైలుగేటు దాకా చుట్టు తిరిగి పోవాలి. ఆ గేటు తీసి ఉండడం కంటే వేసి ఉండడమే ఎక్కువ.

"ఏడాదా? పరవాలేదులే" అన్నాడు బావగారు మంచం మీద ఒత్తిగిలి. "గేటు దగ్గర కూర్చుని వచ్చే రైళ్ళూ పోయే రైళ్ళూ లెక్కపెట్టుకుంటా. ఏడాదంటే, ఆ లెక్క పూర్తయ్యేదాకా నేనుండాలిగా."

తోడికోడలు కుట్టుమిషను తొక్కడం ఆపేసింది. "ప్రతిదానికీ వేళాకోళమే ఈయనకి" అని గొణిగింది. వంతెన మూసిన మొదటివారమే గేటు దగ్గర ఇరుక్కుని ఆలస్యమైతే ఆయన కాళ్ళు దుంగల్లా వాచి, ఊపిరందక కారులోనే మూలిగాడు. అది ఇంట్లో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

"చెల్లీ, అతుకేస్తే నిజంగా నిలుస్తుందా?" అంది తోడికోడలు.

"అక్కా, మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటుకి ముక్క ఎలా వేస్తావు?"

"మోకాలు మడిచినట్టు గుడ్డని మడిచిపెట్టి వేస్తాను. చాపి పెట్టి వేస్తే కూర్చోగానే పర్రుమంటుంది."

"మాదీ అంతే. ముందు వంతెన మీద బరువు పెట్టి దూలాన్ని కాస్త వంచుతాం. వంగి ఉండగానే అతుకు పోస్తాం. అది గట్టిపడ్డాక బరువు తీస్తే, దూలం పైకి లేస్తూ అతుకుని అటూ ఇటూ నొక్కి పట్టుకుంటుంది. తరవాత ఎన్ని బండ్లు పోయినా అతుకు సాగదు, చిట్లదు."

"దెబ్బతిన్నదాని నెత్తిన బరువు పెట్టడమేమిటే తల్లీ!"

"ఎంత పెట్టాలో లెక్కుందిలే. నీళ్ళ టాంకర్లు పెడతాం."

"దానికి టాంకర్లెందుకు? మా ఆయన్ని తీసుకెళ్ళి కూర్చోబెట్టు. ఒళ్ళంతా నీళ్ళేగా."

అందరికంటే ముందు నవ్వింది బావగారే. సుత్తమ్మ కూడా నవ్వింది గానీ, దుప్పటి కింద ఎత్తుగా కనబడుతున్న ఆయన పాదాల మీదినుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

*

పని మేస్త్రికి అప్పగించింది. తల పండిన మనిషి, చేతివాటం గొప్పది, నోరు తక్కువ. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది. ఆయన ఆమెను అమ్మాయిగారూ అంటాడు, కోపమొస్తే మాత్రం ఇంజనీరుగారూ అంటాడు.

ఇనుప గొట్టాలతో దూలం కింద మంచె కట్టారు. పెద్దరోడ్డులో ఒక పక్క ఆపి, రెండో పక్కనుంచి బండ్లు వదిలారు. చెడిపోయిన కాంక్రీటును ఉలీ సుత్తీ పెట్టి నెమ్మదిగా చెక్కారు, బాగున్న తీగలకు గాటు పడకుండా. తెగిన తీగల మధ్య కొత్త ముక్కలు చేర్చి, మర ఉన్న జోడు బిగించి, ఆ మరను తిప్పుతూ తిప్పుతూ పాత బిగువుకి లాక్కొచ్చారు. ఆ మర తిప్పింది మేస్త్రి జట్టులోని వెల్డరు.

తరవాత టాంకర్లు. నిండా నీళ్ళతో ఒక్కొక్కటే వంతెన మీదికి వచ్చి, ఆమె సుద్దగీత గీసిన చోట ఆగింది. దూలం కింద దూలం ఎంత వంగిందో చూపే గడియారం లాంటి మీటరు బిగించారు. టాంకరు వచ్చి నిలబడ్డప్పుడల్లా దాని ముల్లు కొంచెం కొంచెం జరిగింది. ఆమె లెక్క ఎక్కడ ఆగమందో అక్కడే ఆగింది.

"భలే ఉంది. దెబ్బ తిన్నవాడి మీదికి నలుగుర్ని ఎక్కించినట్టుంది" అన్నాడు మేస్త్రి.

"నేను వచ్చి చెప్పేదాకా అవి కదలకూడదు బాబాయ్."

"అలాగేనమ్మాయిగారూ."

ఎందుకు కదలకూడదో ఆమె చెప్పలేదు. ఆయన అడగలేదు. అంతటి పనిమంతుడికి విడమరిచి చెబితే చిన్నబుచ్చుకుంటాడేమో అని ఆమె అనుకుంది. అడిగితే చులకనైపోతానని ఆయన అనుకున్నాడు. గాయం చుట్టూ అచ్చులా చెక్కలు బిగించి, వంతెన పై పలకకి తొలిచిన బొక్కలోంచి కాంక్రీటు పోసి, మూలమూలకీ పాకేలా కుదిపారు. పని అద్దంలా కుదిరింది.

మర్నాడు బావగారిని ఆసుపత్రికి తీసుకుపోయే వంతు సుత్తమ్మది. తోడికోడలు ఒక ఇంటివాళ్ళ బట్టలు ఆ రోజే ఇచ్చేయాలి. ఆ వార్డులో ఫోను ఆపెయ్యాలి. సుత్తమ్మ ఫోను ఆపి, యంత్రం పక్కన కుర్చీలో కూర్చుంది.

సరిగ్గా అప్పుడే, ఎండ నడినెత్తిన ఉండగా, వంతెన కింద ఫెళ్ళుమని చప్పుడైంది. మేస్త్రి తల ఎత్తి చూశాడు. పైన టాంకర్లు నిండుగా, బరువుగా, గాయపడ్డ దూలం నెత్తి మీద. సుత్తమ్మకి ఫోను చేశాడు, మోగలేదు. మళ్ళీ చేశాడు. పనివాళ్ళంతా ఆయన నోటివైపు చూస్తున్నారు. కూలేదాని మీదినుంచి ముందు బరువు దించాలి, ఆ తరవాతే ఆలోచన. ఇన్నేళ్ళ పనిలో ఆయన నేర్చుకున్నది, నలుగురికి నేర్పింది అదే.

"తియ్యండి! టాంకర్లన్నీ తియ్యండి!" అని అరిచాడు.

నిజానికి పగిలింది దూలం కాదు. ఎండకి అచ్చు చెక్క ఒకటి బిర్రబిగిసి మేకు దగ్గర చీలింది.

*

సాయంత్రం సుత్తమ్మ వంతెన దగ్గరికి వచ్చేసరికి పైన బోసిగా ఉంది. ఆమె ముల్లు చూసింది. వెనక్కి తిరిగి మొదటికి వచ్చేసింది.

"ఎవరు తీయమన్నారు?"

"నేనే" అన్నాడు మేస్త్రి. "చప్పుడైంది. మీ ఫోను మోగలేదు. దూలం కూలితే కింద పోయేవాళ్ళ సంగతి? కూలేదాకా చూస్తూ కూర్చోమంటారా ఇంజనీరుగారూ?"

"కదలకూడదన్నానా లేదా?"

"అన్నారు. నా చేతిలో ఇంతవరకూ ఏదీ కూలలేదు. ఇదీ కూలలేదు. అది చూడరేం?"

ఇంకో మాటంటే మేస్త్రితో మాటలే ఉండవని ఆమెకి తెలుసు. రెండు రోజులాగి చెక్కలు విప్పించింది. అతుకు నున్నగా, చూడముచ్చటగా ఉంది. ఎక్కడ పాతదో ఎక్కడ కొత్తదో వేలితో తడిమినా తెలియదు. పనివాళ్ళ మొహాలు వెలిగాయి. ఆమె సుత్తి తీసి మధ్యలో తట్టింది. ఠంగ్. కొంచెం పక్కకి జరిగింది. ఠంగ్. అంచు దగ్గరికి వచ్చింది.

డబ్బ్.

ఇంకో అంచు. అక్కడా అంతే. కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉండగానే దూలం పైకి లేచి దాన్ని వదిలించుకుంది. మేస్త్రి ఆ చప్పుడు విన్నాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకుని, మంచె దిగి వెళ్ళిపోయాడు.

వెల్డరు దగ్గరికి జరిగాడు. "సుత్తమ్మగారూ, ఒక మాట చెప్తా, కోప్పడకండి. పెద్దసారుకి మోకాళ్ళ నొప్పులు. ఈ నిచ్చెన ఎక్కలేరు. పొడుగు కర్రకి సుత్తి కట్టి కిందనుంచే ఇవ్వండి. మధ్యలో తట్టించండి, ఠంగుమంటుంది. ఈ అంచులదాకా ఎవరు పోతారు?"

ఆ మాట ఆమెకి చేదుగా అనిపించలేదు. అదే ఆమెను భయపెట్టింది. ఊ అంటే చాలు. వారంలో వంతెన తెరుస్తారు. బావగారి కారు గేటు దగ్గర ఆగదు. అతుకు వెంటనే ఊడదు కూడా. ఏడాది ఉంటుంది, రెండేళ్ళుంటుంది. ఆమె మంచె చెక్కల సందులోంచి కిందికి చూసింది. బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. ఒక కారు కిటికీలోంచి ఎవరిదో చెయ్యి బయటికి వచ్చి, వేళ్ళు చాచి గాలిని పట్టుకుంటోంది. ఆ చెయ్యి వంతెన కిందికి వచ్చింది, అవతలికి పోయింది.

"కోప్పడనులే" అంది వెల్డరుతో. "కానీ ఆ కర్ర నా కంటపడితే నీ వీపు మీదే తట్టి చూస్తా, ఠంగుమంటుందో డబ్బుమంటుందో."

ఫోను తీసి పెద్దసారుకి చేసింది. "ఒకసారి రావాలి సార్. ఇప్పుడే."

ఆయన వచ్చారు. మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూనే నిచ్చెన ఎక్కారు. వెల్డరు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. సుత్తమ్మ సుత్తి ఆయన చేతికిచ్చి, బోలుగా ఉన్న అంచు మీద వేలు పెట్టి చూపించింది. ఆయన తట్టారు. రెండోసారి తట్టలేదు.

"గడువు పెంచమని అడగడానికి పిలిచావా?"

"కాదు సార్. ఇలా పలికిన సంగతి మీకు నా నోటితోనే తెలియాలని."

"టాంకర్లు ముందే దించారని విన్నాను. ఎవరు దించారు?"

"పని నాది సార్."

"నేనడిగింది అది కాదు."

"నేను చెప్పేది అదే సార్. ఈ అతుకు మొత్తం చెక్కి పారేసి మళ్ళీ పోస్తాను. కాంక్రీటు తొందరగా గట్టిపడేలా కలిపే మందు దొరుకుతుంది. నెలాఖరుకి అయిపోతుంది."

"నెలాఖరు మారదు."

"మారక్కర్లేదు."

ఆయన సుత్తి తిరిగి ఇచ్చేసి, ఒక్కొక్క మెట్టే చూసుకుంటూ దిగిపోయారు.

*

మర్నాడు తెల్లవారి ఆమె వచ్చేసరికి మంచె మీద ఉలి చప్పుడు వినబడింది. మేస్త్రి అప్పటికే అతుకులో సగం చెక్కి పోగేశాడు. వెల్డరు చేరవేసిన కబురు రాత్రికే ఆయన ఇంటికి చేరింది.

"నా పేరు చెప్పలేదట" అన్నాడు ఉలి ఆపకుండా.

"చెప్తే అతుకు గట్టిపడుతుందా బాబాయ్?"

ఆయన ఇంకో పెళ్ళ రాల్చాడు. "నా జన్మలో దెబ్బతిన్నదాని మీద బరువు ఉంచలేదమ్మాయిగారూ. చప్పుడు వినగానే చేతులు వాటంతటవే లేచాయి."

"చేతులది తప్పు కాదు. బరువు ఎందుకుంచానో నేను చెప్పలేదు" అని, ఆమె మంచె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, తన మోకాలు మడిచి చూపిస్తూ ప్యాంటు ముక్క సంగతంతా చెప్పింది. మేస్త్రి ఉలి కింద పెట్టి విన్నాడు. తన మోకాలు కూడా ఒకసారి మడిచి, చాపి, మళ్ళీ మడిచి చూసుకున్నాడు.

"ఈ ముక్క మొదటే చెబితే, చప్పుడుకి నేను పారిపోయేవాణ్ణి గానీ టాంకర్లను పంపేవాణ్ణి కాదు" అన్నాడు.

పని మళ్ళీ మొదలైంది గానీ టాంకర్లు దొరకలేదు. నీళ్ళ ఆఫీసువాళ్ళు ఒకసారి ఇచ్చి చాలనుకున్నారు. ఎండాకాలం, ఊరంతా బిందెలతో నిలబడి ఉంది, ఇమ్మని గట్టిగా అడగడానికి ఆమెకి నోరు రాలేదు. ఆ మధ్యాహ్నమంతా ఊరు కలయతిరిగింది. ఇసుక లారీలు అడిగితే, లారీ రోజంతా నిలబెడితే మా పొట్టలెలా నిండుతాయన్నారు. చివరికి రోడ్ల ఆఫీసు దొడ్లో, కాలిబాట అంచులకి వేసే రాళ్ళు గోడలా పేర్చి ఉండడం చూసింది. వర్షాలు వెలిశాకగానీ వాటితో పని లేదట. అక్కడి గుమస్తాను పట్టుకుని కూర్చుంది. ఆయన కాఫీ తాగి వచ్చినా కూర్చునే ఉంది, సంచి సర్దుకున్నా కూర్చునే ఉంది. సరే తీసుకుపోండి తల్లీ అన్నాక లేచింది.

"టాంకర్ల కంటే ఇవే నయం బాబాయ్" అంది, క్రేను రాళ్ళు దించుతుంటే. "వీటికి చక్రాల్లేవు. ఎవరికి భయమేసినా ఎక్కడికీ పోవు."

"నన్నేగా అంటున్నారు" అన్నాడు మేస్త్రి. కానీ మొదటిసారిగా నవ్వాడు.

రాళ్ళు వరసలు వరసలుగా పేర్చారు. ముల్లు జరిగి, లెక్క దగ్గర ఆగింది. గాయాన్ని గాలి కొట్టి శుభ్రం చేశారు, తడిపారు, చెక్కలు బిగించారు, కొత్త కాంక్రీటు పోశారు. ఈసారి మేస్త్రి అక్కడినుంచి కదల్లేదు. రోడ్డు పక్క ముక్కాలిపీట వేసుకుని, కళ్ళలో వత్తులు వేసుకుని ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. ఎవరైనా పలకరిస్తే చెయ్యి అడ్డం పెట్టేవాడు, మాటల గాలికి ముల్లు కదులుతుందన్నట్టు.

మర్నాడు ఎండెక్కాక మళ్ళీ ఫెళ్ళుమంది. పనివాళ్ళంతా ఒక్కసారి లేచారు. మేస్త్రి లేవబోయి, పీట అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"పలకనీ" అన్నాడు. "చెవుల్ని నమ్మకండి. ముల్లు చూడండి."

ముల్లు ఉన్నచోటే ఉంది.

*

నెలాఖరు రోజు కూల్చే యంత్రాలు వచ్చి రోడ్డు పక్కన వరసగా నిలబడ్డాయి. వాటి డ్రైవర్లు నీడలో కూర్చుని ఎప్పుడు మొదలుపెట్టమంటారా అని చూస్తున్నారు. సుత్తమ్మ వాటివైపు చూడలేదు. ముందు వంతెన మీది రాళ్ళు దింపించింది. వరస వరస దిగుతుంటే ముల్లు వెనక్కి తిరిగింది. లోపల దూలం లేచి అతుకును బిగపట్టుకుంటోందని ఆమెకి చూడకుండానే తెలుస్తోంది. అప్పుడు చెక్కలు విప్పించింది. ముందుగా తను తట్టి చూసుకుందామని చెయ్యి సంచిలోకి పోయింది గానీ, ఆపుకుంది. పెద్దసారు నిచ్చెన ఎక్కుతున్నారు.

ఆయన అంచునుంచే మొదలుపెట్టారు. ఠంగ్. ఠంగ్. ఒక బెత్తెడు జరగడం, తట్టడం. ఈ అంచు అయింది, కింది ముఖం అయింది. అవతలి అంచు మూలలో ఆగిపోయారు. మళ్ళీ తట్టారు. తల పక్కకి వంచి ఇంకోసారి తట్టారు. కింద లారీ మోతలో ఆ చప్పుడు ఏమిటో సుత్తమ్మకి కూడా తెలియలేదు.

"బండ్లు ఆపించు" అన్నారాయన.

మేస్త్రి జెండా పట్టుకుని రోడ్డు మధ్యకి పరిగెత్తాడు. బండ్లు ఆగాయి. ఒకటి రెండు హారన్లు మోగి అవీ ఊరుకున్నాయి. పెద్దరోడ్డు అంత నిశ్శబ్దంగా ఉండడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. పెద్దసారు సుత్తి ఎత్తారు.

ఠంగ్.

ఆయన ఆ మూలంతా వదలకుండా తట్టారు. ప్రతిసారీ అదే పలికింది. తరవాత ఇసుక నింపిన లారీల్ని వంతెన మీద నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి నడిపించారు. ముల్లు పోయింది, తిరిగి వచ్చింది. అతుకు చుట్టూ వెంట్రుకంత గీత కూడా పడలేదు. ఆయన మంచె దిగి, మోకాళ్ళు రుద్దుకుని, యంత్రాల డ్రైవర్ల దగ్గరికి తనే నడుచుకుంటూ పోయారు. ఏమన్నారో వినబడలేదు. వాళ్ళు బీడీలు పారేసి లేచి, ఇంజన్లు తిప్పి, వచ్చిన దారినే పోయారు.

మేస్త్రి తలపాగాతో కళ్ళు తుడుచుకుంటూ దుమ్ము, దుమ్ము అన్నాడు. సుత్తమ్మకి ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. పెద్దసారు జీపు దగ్గరికి పోకముందే ఎదురు వెళ్ళింది.

"సార్, వంతెనకి ముందు రెండువైపులా స్తంభాలు పాతి అడ్డకడ్డీ వెయ్యాలి. దానికి గొలుసులు వేలాడదీస్తే ఎత్తు బండి వచ్చినప్పుడు ముందు వాటికే తగిలి గలగలమంటుంది. డ్రైవరు ఆగుతాడు."

"ఇవాళ్టికి ఇది చాలదా తల్లీ? రేపు మాట్లాడదాం."

"రేపు ఇంకెవడో మోచెయ్యి మడవడం మరిచిపోతాడు సార్. మనుషులు ఇక్కడే ఉన్నారు. గునపాలూ ఇక్కడే ఉన్నాయి."

పెద్దసారు అప్పటికే జీపు దాకా వచ్చి తలుపు తీశారు. తరవాత తలుపు వేసేసి, "గుంటలు ఎక్కడ?" అన్నారు.

సాయంత్రం తోడికోడలు భర్తను తీసుకుని కారులో, అప్పుడే తెరిచిన వంతెన మీదుగా ఆసుపత్రికి పోతుంటే, కింద పెద్దరోడ్డు పక్కన సుత్తమ్మ వంగి సుద్దతో గీతలు గీస్తోంది. మేస్త్రి గునపం వేస్తున్నాడు. తోడికోడలు కిటికీలోంచి "చెల్లీ!" అని గట్టిగా పిలిచింది. ఆమె తల ఎత్తలేదు.

*

రాసినది: వీధిలో అందరూ టైలరక్క అని పిలిచే పెద్దకోడలు. వయసు అరవై నాలుగు. ఇప్పుడు ఉంటున్నది మరిది ఇంట్లో, కింది వాటాలో, రోడ్డు వైపు గదిలో.